యాటిక్‌లో రేడియంట్ బ్యారియర్: టెక్సాస్ ఎండకు ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రశ్న — ప్లేనోవాసి

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన ప్లేనోలో, 2003లో కట్టిన రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నాము. కప్పు మీద ముదురు బూడిద రంగు యాస్‌ఫాల్ట్ షింగిల్స్ (పెంకుల్లా పరిచే పలచని తారు ముక్కలు) ఉన్నాయి. ఇక్కడి చాలా ఇళ్లలో లాగానే ఏసీ యూనిట్టూ, గదులకు గాలి తీసుకువెళ్లే డక్టులూ యాటిక్‌లోనే, అంటే వాలు కప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఉండే ఖాళీలోనే ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మూడు దాటిందంటే పై అంతస్తులోని పడమటి గది కాగిపోతుంది. థర్మోస్టాట్‌ను 76 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టినా ఆ గది 82కు తగ్గదు, రాత్రి పది దాటేదాకా ఏసీ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వేసవిలో నరసరావుపేట నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండేది ఆ గదిలోనే. ఈసారి వాళ్లు వచ్చేలోపు దీనికొక దారి చూడాలని పట్టుదలగా ఉన్నాను.

ఇటీవల ఒక కాంట్రాక్టరు వచ్చి యాటిక్ చూసి, కప్పును మోసే వాలు దూలాలైన రాఫ్టర్ల అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి స్టేపుల్స్ కొడతామని, దానినే రేడియంట్ బ్యారియర్ అంటారని, మొత్తం 3,800 డాలర్లు అవుతుందని చెప్పారు. కరెంటు బిల్లు 40 శాతం తగ్గుతుందనీ, ఆ ఫాయిల్ ఒక్కటే ఆర్-15 ఇన్సులేషన్‌తో సమానమనీ (ఆర్ సంఖ్య పెరిగే కొద్దీ వేడిని ఎక్కువగా అడ్డుకుంటుంది) ఆయన మాట. వెంట తెచ్చిన హీట్ ల్యాంపు వెలిగించి, దాని ముందు ఫాయిల్ అడ్డుపెట్టి, వెనక నా చేయి పెట్టమన్నారు. వేడి తెలియలేదన్నది నిజమే. తరువాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును ఫాయిల్ మీదికి గురిపెట్టి, అది ఎంత చల్లగా ఉందో చూడమన్నారు. మరొక సంస్థవారు ఫాయిల్ అవసరం లేదని, రాఫ్టర్ల మీద వెండిరంగు పెయింటు కొడితే ఇంకా తక్కువలో అయిపోతుందని అంటున్నారు.

ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా, పనిచేస్తే 40 శాతం అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు, పెయింటు దానికి సాటి వస్తుందా, వెనక్కి కొట్టిన వేడికి షింగిల్స్ పాడవుతాయా అన్నవి నా సందేహాలు. యాటిక్ నేల మీద ఊదిన ఫైబర్‌గ్లాస్ ఉంది, స్కేలు దించి చూస్తే ఏడు అంగుళాలు తేలింది. జూలై, ఆగస్టు నెలల్లో బిల్లు 380 డాలర్ల దాకా వస్తోంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం — ఉష్ణగతి

ప్లేనోవాసి గారూ, రేడియంట్ బ్యారియర్ మోసం కాదు, దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం గట్టిది. కానీ మీకు చెప్పిన 40 శాతం మాత్రం ఆ శాస్త్రంలో నుంచి రాదు. ఆ రెండింటినీ విడదీసి చూస్తే మీ డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తేలుతుంది.

జూలై ఎండలో ముదురు షింగిల్స్ కింద ఉన్న చెక్క పలక 150 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, ఒక్కోసారి అంతకు మించి కూడా వేడెక్కుతుంది. ఆ పలక పైన ఉంది, మీ ఇన్సులేషన్ కింద ఉంది. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి పలక నుంచి కిందికి దిగే వేడిలో ఎక్కువ భాగం సంవహనం వల్ల కాక వికిరణం వల్లనే దిగుతుంది. చెక్కకు ఉద్గారత సుమారు 0.9, అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద ఏ వస్తువైనా వెదజల్లగలిగిన గరిష్ఠ వికిరణంలో దాదాపు 90 శాతాన్ని అది వెదజల్లుతుంది. శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌కు ఉద్గారత 0.03 నుంచి 0.05 మాత్రమే. పలక 150 డిగ్రీల వద్ద, ఇన్సులేషన్ పైభాగం 122 డిగ్రీల వద్ద ఉన్నాయనుకొని స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ సూత్రంతో లెక్క వేస్తే, ఫాయిల్ లేనప్పుడు గంటకు చదరపు అడుగుకు సుమారు 32 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడి వికిరణంగా దిగుతుంది. అవే ఉష్ణోగ్రతల వద్ద మధ్యలో ఫాయిల్ ముఖం ఉంటే అది 2 బీటీయూలకు పడిపోతుంది. హీట్ ల్యాంపు ముందు మీ చేతికి తెలిసింది ఈ తేడాయే.

అయితే ల్యాంపుకూ మీ చేతికీ మధ్య ఇన్సులేషన్ లేదు, మీ యాటిక్‌లో ఉంది. ఆ 32 బీటీయూలలో గదిలోకి దిగేది కొద్దిపాటి భాగమే, మిగిలినది యాటిక్ గాలిని వేడిచేసి, గాలి కోసం వదిలిన వెంట్ల గుండా బయటికి పోతుంది. ఏడు అంగుళాల ఫైబర్‌గ్లాస్ అంటే దాదాపు ఆర్-17. పైన 122, కింద 76 డిగ్రీలు ఉంటే తేడా 46. దానిని 17తో భాగిస్తే గంటకు చదరపు అడుగుకు 2.7 బీటీయూలు గదిలోకి వస్తున్నట్లు. ఫాయిల్ వేశాక ఇన్సులేషన్ పైభాగం 108 డిగ్రీలకు దిగిందనుకుంటే అది 1.9 అవుతుంది, అంటే సుమారు 30 శాతం తగ్గుదల. ఇది నా ఊహ లెక్కే అయినా క్షేత్ర పరీక్షలకు దూరంగా లేదు. ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వారు ఆర్-19 ఇన్సులేషన్ ఉన్న యాటిక్‌ల గురించి చెప్పినది, సీలింగ్ గుండా వచ్చే వేసవి వేడి 16 నుంచి 42 శాతం దాకా తగ్గుతుందని.

మీ కాంట్రాక్టరు చెప్పిన 40 బహుశా అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. కానీ అది సీలింగ్ గుండా దిగే వేడిలో తగ్గుదల, బిల్లులో తగ్గుదల కాదు. ఏసీ మోయవలసిన మొత్తం భారంలో సీలింగ్ వాటా సాధారణంగా 15 నుంచి 25 శాతం. మిగిలినది కిటికీలు, గోడలు, సందుల్లో నుంచి దూరే గాలి, వంట, మనుషులు, పరికరాల వల్ల వచ్చేది. 25లో 42 శాతం తీసుకున్నా 10.5 దాటదు. అమెరికా ఇంధన శాఖ కూడా వేడి, ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో చల్లదనానికి అయ్యే ఖర్చు 5 నుంచి 10 శాతం తగ్గవచ్చుననే చెబుతుంది. మీ 380 డాలర్లలో ఏసీ వాటా 200 అనుకుంటే నెలకు 10 నుంచి 20 డాలర్లు, ఐదు నెలల ఎండకాలానికి మహా అయితే 100 డాలర్లు. 3,800 డాలర్లు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే చూసుకోండి.

ఆర్-15తో సమానమన్న మాట అసలు కుదరదు. ఆర్-విలువ అనేది ఒక పదార్థం తన మందం గుండా వేడి ప్రవహించకుండా ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. కాగితమంత మందం ఉన్న ఫాయిల్‌కు సొంతంగా ఆర్-విలువ ఉండదు. అది పనిచేయాలంటే దాని మెరిసే ముఖానికి ఎదురుగా కనీసం ముప్పావు అంగుళం గాలి ఖాళీ ఉండి తీరాలి. ఖాళీ లేకుండా రెండు పలకల మధ్య ఇరికిస్తే వేడి నేరుగా వహనం ద్వారా దాటిపోతుంది, ఫాయిల్ ఉన్నా లేనట్టే. అడుగున ముందే ఫాయిల్ అతికించి ఉన్న పలకలతో కట్టిన కొత్త ఇళ్లలో, కొందరు ఆ ఫాయిల్ మీదనే స్ప్రే ఫోమ్ కొట్టిస్తున్నారు. ఫోమ్ ఆ ఖాళీని పూర్తిగా పూడ్చేస్తుంది కాబట్టి ఫాయిల్‌కు పెట్టిన ఖర్చు వృథా అయినట్లే.

ఇప్పుడు అదే లెక్కను ఇన్సులేషన్ వైపు నుంచి చూడండి. మీ ప్రాంతానికి, ఇంధన పొదుపు కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఎనర్జీ స్టార్ కార్యక్రమం వారు సూచించేది ఆర్-49. ఫాయిల్ జోలికి పోకుండా నేల మీది ఇన్సులేషన్‌ను అక్కడికి పెంచితే 46ను 49తో భాగించాలి, 2.7 ఉన్నచోట 0.9 మిగులుతుంది. అంటే దాదాపు మూడింట రెండు వంతులు తగ్గింది. పైగా అది శీతకాలంలోనూ, మబ్బు పట్టిన రోజుల్లోనూ పనిచేస్తుంది. ఒకసారి ఆర్-49 పడిన తరువాత ఫాయిల్ అదే 30 శాతం తగ్గించినా తగ్గేది 0.3 బీటీయూ మాత్రమే. సీలింగ్ వరకే చూస్తే మందమైన ఇన్సులేషన్ ఉన్నచోట ఫాయిల్‌కు చేయడానికి పెద్దగా పని మిగలదు.

అయినా మీ ఇంటికి ఫాయిల్ వద్దని నేను చెప్పకపోవడానికి కారణం మీ డక్టులు. నేల మీద ఎంత ఇన్సులేషన్ పోసినా, దాని పైన వేలాడే డక్టులకు దానివల్ల ఉపయోగం లేదు. అవి వేడెక్కిన పలక కిందనే, ఆ వేడిగాలిలోనే ఉంటాయి. యాటిక్ గాలి 125 డిగ్రీలు, డక్టులోని గాలి 57 డిగ్రీలు, డక్టు చుట్టూ ఆర్-6 పొర ఉన్నాయనుకోండి. 68ను 6తో భాగిస్తే చదరపు అడుగుకు 11 బీటీయూలు వస్తాయి. సీలింగ్ మీద ప్రతి చదరపు అడుగుకూ వచ్చే వేడికి ఇది నాలుగు రెట్లు. ఫాయిల్ వేస్తే డక్టుల మీద పడే వికిరణం తెగిపోతుంది, యాటిక్ గాలి కూడా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. యాటిక్‌లో డక్టులు లేని ఇంటికంటే ఉన్న ఇంటికి ఫాయిల్ ఎక్కువ మేలు చేయడం అందుకే. అయితే ఆ డక్టుల కీళ్ల దగ్గర చల్లగాలి కారిపోతుంటే ముందు దానిని ఆపాలి. సాధారణ ఇంట్లో డక్టుల గుండా పోయే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్లనే పోతుందని ఎనర్జీ స్టార్ చెబుతుంది. కీళ్లకు మాస్టిక్, అంటే సందులు మూసే చిక్కటి లేపనం పూయించండి. డక్ట్ టేప్ అన్న పేరుతో అమ్మే గుడ్డ టేపు ఆ వేడికి కొన్నాళ్లకే ఊడిపోతుంది.

పెయింటు ఫాయిల్‌కు సాటి రాదు. ఆ రకం పూతలకు ప్రమాణం ప్రకారం ఉద్గారత 0.25 లోపు ఉంటే చాలు. పై ఉదాహరణలో ఫాయిల్ 2 బీటీయూలు వదిలితే అలాంటి పూత 10 వదులుతుంది. గరుకైన పలక పెయింటును పీల్చుకొని పూత పలచబడితే ఇంకా ఎక్కువ. షింగిల్స్ గురించి భయపడవలసిన పని లేదు. ఫాయిల్ వేసిన కప్పుల మీద షింగిల్స్ 2 నుంచి 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కినట్లు పరీక్షలు తేల్చాయి. నడి ఎండలో 150 దాటే వాటికి అది పెద్ద తేడా కాదు. అయినా మీ షింగిల్స్ తయారీదారు వారంటీ పత్రం ఒకసారి చదవండి.

చివరగా, ఆ పడమటి గదికి పడమటి వైపు కిటికీ ఉంటే సాయంత్రం దాని గుండా వచ్చే ఎండను ఏ ఫాయిలూ ఆపలేదు. దానికి బయటి వైపు సోలార్ స్క్రీన్ బిగించడమే మార్గం.

సమాధానం — మానేరుతీరం

నేను శాన్ ఆంటోనియోలో మా ఇంటి యాటిక్‌కు స్వయంగా ఫాయిల్ వేసుకున్నవాడిని కాబట్టి ఉష్ణగతి గారి లెక్కలకు పని వైపు నుంచి కొంత చేరుస్తాను.

ముందుగా ఆ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు సంగతి. ఎదుటి వస్తువు ఉద్గారత 0.95 ఉంటుందన్న ఊహతో ఆ పరికరం ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. ఫాయిల్ అతి తక్కువ వికిరణాన్ని వెలువరిస్తుంది కాబట్టి, అది నిజానికి ఎంత వేడిగా ఉన్నా పరికరం తక్కువే చూపిస్తుంది. పైగా ఎదురుగా ఉన్న చల్లని వస్తువుల ప్రతిబింబాన్ని ఫాయిల్ ఉష్ణోగ్రతగా చదువుతుంది. ఫాయిల్ మీద ఒక మాస్కింగ్ టేపు ముక్క అతికించి, కాసేపు ఆగి, ఆ టేపు మీదికి గురిపెట్టి చూడండి, అసలు ఉష్ణోగ్రత బయటపడుతుంది. కాంట్రాక్టరుకు ఈ సంగతి తెలియకపోవచ్చు కూడా. కానీ ఆ ప్రదర్శనను చూసి చెక్కు రాయకండి.

ఇక పని. రంధ్రాలు ఉన్న ఫాయిల్ మాత్రమే కొనండి. రంధ్రాలు లేనిదైతే తేమ దాటలేక పలకకు పట్టే ప్రమాదం ఉంది. మధ్యలో గట్టి అల్లిక ఉన్న రకమైతే చిరగదు. నేను కొన్నప్పుడు చదరపు అడుగుకు 20 సెంట్ల లోపే పడింది. మెరిసే ముఖం ఒకటే ఉన్న ఫాయిల్ అయితే ఆ ముఖాన్ని కిందికి, అంటే యాటిక్ ఖాళీ వైపు తిప్పండి. కిందికి చూసే ముఖం మీద దుమ్ము నిలవదు. పైకి తిప్పితే, లేదా కొందరు చేసినట్లు నేల మీది ఇన్సులేషన్ మీదనే పరిచేస్తే, దుమ్ము పేరుకొని మెరుపు పోయి పనితనం ఏటికేడు పడిపోతుంది.

చూరు అడుగున ఉండే సాఫిట్ వెంట్ల నుంచి లోపలికి వచ్చిన గాలి ఫాయిల్ వెనక భాగం గుండా పైకి పాకి కప్పు శిఖరం దగ్గరి రిడ్జ్ వెంట్ నుంచి బయటికి పోవాలి. అందుకోసం కింద ఇన్సులేషన్‌కూ ఫాయిల్ అంచుకూ మధ్య కనీసం మూడు అంగుళాలు, పైన శిఖరం దగ్గర ఆరు అంగుళాలు ఖాళీ వదలాలి. ఆ రెండు ఖాళీలూ మూసేసిన ఇళ్లు నేను చూశాను, అక్కడ రాఫ్టర్ల మధ్య గాలి కదలక వేడి అక్కడే నిలిచిపోతుంది. పలక నుంచి కిందికి పొడుచుకు వచ్చిన షింగిల్ మేకుల మొనలు ఫాయిల్‌ను చీలుస్తాయి, తలను కూడా గీరుతాయి. అందుకే ఫాయిల్‌ను పలకకు అదమకుండా రాఫ్టర్ల అడుగు అంచుకే స్టేపుల్ చేయాలి. గాలి ఖాళీ కూడా దానంతట అదే వస్తుంది. ఫాయిల్ కరెంటును ప్రవహింపజేస్తుందన్నది మరచిపోకూడదు. పాత తీగలూ, మూతలేని జంక్షన్ బాక్సులూ ఉన్నచోట ముందు వాటిని సరిచేయించాలి. యాటిక్‌లో టీవీ యాంటెనా ఉంటే అది పనిచేయడం మానేస్తుంది, మొబైల్ సిగ్నల్ కూడా కొంత తగ్గవచ్చు.

పని అంతా నవంబరు తరువాతే పెట్టుకోండి. ఎండకాలంలో తప్పనిసరైతే తెల్లవారుజామున ఎక్కి, ఎండ ఎక్కేలోపు దిగిపోవాలి. వేసవి మధ్యాహ్నం యాటిక్‌లో పనిచేయడం ప్రాణాలతో చెలగాటమే. ఇన్సులేషన్ కింద జాయిస్టులు, అంటే సీలింగ్‌ను మోసే దూలాలు కనబడవు. రెండు జాయిస్టుల మీద ఆనేలా ఒక పలక వేసుకొని దాని మీదనే కదలాలి, ఒక్క అడుగు పక్కకు పడితే కింది గది సీలింగ్ షీట్‌రాక్ (జిప్సం బోర్డు) పగులుతుంది.

మీ పడమటి గది విషయంలో నాకొక అనుమానం ఉంది. రెండంతస్తుల ఇళ్లలో పై గది గోడల్లో ఒకటి చాలాసార్లు బయటికి కాక యాటిక్ వైపుకు ఉంటుంది, దానినే ఇంగ్లీషులో నీ వాల్ (knee wall) అంటారు. దానికి యాటిక్ వైపున ఆర్-13 బ్యాట్లు, అంటే పరుపుల్లాంటి ఇన్సులేషన్ ముక్కలు ఇరికించి వదిలేస్తారు, వెనక ఏ ఆధారమూ ఉండదు. ఏళ్లు గడిచేసరికి అవి జారి, గోడకూ వాటికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పై అంతస్తు సీలింగ్ మీద ఆర్-17 ఉంటే, 125 డిగ్రీల గాలిని ఎదుర్కొంటున్న ఆ గోడకు ఆర్-13 కూడా సరిగా లేదన్నమాట. యాటిక్ మొత్తం ఫాయిల్ వేయించకపోయినా, ఆ గోడ బ్యాట్లను సరిచేసి, వాటి వెనక రంధ్రాల ఫాయిల్‌ను బిగుతుగా స్టేపుల్ చేస్తే, బ్యాట్లు జారవు, పలక నుంచి గోడ మీద పడే వికిరణమూ తెగుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే చోటు అదే. ముందు అక్కడ చూడండి.

సమాధానం — ఎడిసన్‌వాసి

న్యూజెర్సీలో ఉంటున్న నన్ను కూడా ఒక సంస్థవారు ఇదే ఫాయిల్ వేయించుకొమ్మని అడిగారు కాబట్టి, ఈ చర్చ చదివే ఉత్తరాది రాష్ట్రాల వారి కోసం రెండు మాటలు రాస్తున్నాను. మాకు ఏసీ నడిచే నెలలు తక్కువ, హీటరు నడిచే నెలలు ఎక్కువ. చలికాలపు ఎండ కప్పును కాస్త వేడిచేస్తే ఆ వేడి మనకు ఉపయోగమే, ఫాయిల్ దానిని కూడా ఆపేస్తుంది. ఫాయిల్‌ను ఇన్సులేషన్ మీద పరిస్తే ఇంట్లోని తేమ పైకి వచ్చి దాని అడుగున చెమర్చి, ఇన్సులేషన్ తడిసే ప్రమాదం ఉంది. మా వాతావరణ మండలంలో ఆ డబ్బును సందులు మూయించడానికి, ఇన్సులేషన్‌ను ఆర్-60కు పెంచడానికి పెట్టడమే సరైనది. ఇన్సులేషన్ మీద ఇచ్చే సమాఖ్య ప్రభుత్వ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసిందని కూడా గుర్తుంచుకోండి. ఇప్పటికీ దానిని చూపించి ధర చెప్పే అమ్మకందారులు ఉన్నారు.

ప్రశ్నించినవారి జవాబు — ప్లేనోవాసి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మానేరుతీరం గారు చెప్పినట్టే ఉదయాన్నే టార్చిలైటు పట్టుకొని యాటిక్ ఎక్కాను. పడమటి గది గోడ వెనక భాగం నిజంగానే యాటిక్‌లోకి ఉంది. గోడలోని రెండు స్టడ్‌ల (నిలువు కర్రల) మధ్య బ్యాటు పైనుంచి అడుగున్నర జారి, షీట్‌రాక్ వెనక వైపు కాగితం నేరుగా కనబడుతోంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి దొరికింది. ఆ గదికి వెళ్లే ఫ్లెక్స్ డక్టు, ఏసీ గాలిని డక్టులకు పంచే పెట్టె అయిన ప్లీనమ్‌కు తగిలించిన కాలర్ దగ్గర ప్లాస్టిక్ పట్టీ వదులై ఒక పక్కకు జారిపోయింది. ఏసీ ఆన్ చేసి చేయి పెడితే చల్లగాలి జివ్వున యాటిక్‌లోకి కొడుతోంది. ఆ చుట్టుపక్కల గులాబీ రంగులో ఉండవలసిన ఫైబర్‌గ్లాస్ నల్లగా మసిబారి ఉంది.

కాబట్టి ముందు డక్టుల కీళ్లన్నిటికీ మాస్టిక్ పూయిస్తాను. తరువాత నీ వాల్ బ్యాట్లు సరిచేసి ఫాయిల్ బిగిస్తాను. ఆపైన ఇన్సులేషన్‌ను ఆర్-49కు పెంచే ధర కనుక్కుంటాను. ఇవన్నీ అయ్యాక ఒక వేసవి గడిపి, అప్పటికీ అవసరమనిపిస్తే రాఫ్టర్ల ఫాయిల్‌ను చలికాలంలో నేనే వేసుకుంటాను. యాటిక్‌లో కరెంటు ఫ్యాను పెట్టించుకొమ్మని కూడా ఒకరు సలహా ఇచ్చారు, అది మంచిదేనా?

దీనికి అనుబంధంగా మరొకటి. నరసరావుపేటలో మా ఇంటి పై అంతస్తు స్లాబు వేసవిలో రాత్రి పన్నెండు దాకా సెగలు కక్కుతుంది. పెరట్లో సిమెంటు రేకుల షెడ్డు ఒకటి ఉంది, నాన్నగారు మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటారు. అక్కడ ఈ ఫాయిల్ ఏమైనా పనికి వస్తుందా?

సమాధానం — ఉష్ణగతి

ప్లేనోవాసి గారూ, మీ గదికి రావలసిన చల్లదనం యాటిక్ పాలవుతోందన్నమాట. మీరు అనుకున్న క్రమం సరైనదే. దానికి ఒక్కటే చేరుస్తాను. ఇన్సులేషన్ ఊదించే ముందు సీలింగ్‌లోని సందులన్నీ మూయించండి. దీపాల చుట్టూ ఉన్న ఖాళీలు, ప్లంబింగు గొట్టాలు పైకి వచ్చే చోట్లు, ముఖ్యంగా యాటిక్‌కు ఎక్కే మడత నిచ్చెన మూత చూడండి. పలచటి చెక్క తప్ప ఏమీ లేని ఆ మూత మీద ఇన్సులేషన్ పెట్టె ఒకటి బిగించాలి. ఇన్సులేషన్ మందంగా పోశాక ఈ సందులు వెతకడం కష్టం. కరెంటు ఫ్యాను వద్దు. సాఫిట్ వెంట్ల నుంచి చాలినంత గాలి అందకపోతే అది మీ సీలింగ్ సందుల గుండా గదుల్లోని చల్లగాలినే పైకి లాగుతుంది, రిడ్జ్ వెంట్ ఉంటే దాని గుండా బయటి గాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది.

నరసరావుపేట ఇంటి విషయంలో స్లాబుకు ఒక మార్గం, షెడ్డుకు ఒక మార్గం. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రి వదులుతుంది, కాబట్టి వేడి దానిలోకి దిగకుండా పైననే ఆపడం అన్నిటికంటే మేలు. డాబా మీద తెల్ల సున్నం గానీ, ఎండను వెనక్కి కొట్టే తెల్లని కూల్ రూఫ్ పెయింటు గానీ వేయించండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం నడిచేది ఈ సూత్రం మీదనే. తెలుపు మాసిపోయే కొద్దీ గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా మార్చి లోపల కడిగి, అవసరమైతే మళ్లీ పూత వేయించాలి. టైల్స్ కింద సిమెంటులో ఫాయిల్ పరుస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అక్కడ గాలి ఖాళీ ఉండదు, ఫలితమూ ఉండదు.

సిమెంటు రేకుల షెడ్డు మాత్రం ఫాయిల్‌కు సరిగ్గా తగిన చోటు. రేకు పలచనిది, దాని కింద ఇన్సులేషన్ ఏమీ లేదు, మధ్యాహ్నం నాన్నగారి తల మీద పడేది దాదాపు అంతా వికిరణమే. మన దగ్గర కోళ్ల షెడ్లకూ గోదాములకూ వాడే బుడగల అల్యూమినియం షీటు అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. దానిని రేకులకు అతికించకుండా, రేకుకు రెండు మూడు అంగుళాలు కింద, దూలాలకు తీగలు కట్టి వాటి మీద బిగుతుగా పరచమనండి. రెండు వైపులా అంచుల దగ్గర జానెడు ఖాళీ వదిలితే మధ్యలో వేడెక్కిన గాలి బయటికి పోతుంది. పాత రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటికి రంధ్రాలు వేయడం, కోయడం చేయవద్దని పనివాళ్లకు ముందే గట్టిగా చెప్పండి.